దాచుకున్న పన్ను

పళ్ల డాక్టరు గదిలో, వెనక్కి వాల్చిన కుర్చీలో ఆ డాక్టరు వాళ్ల నానమ్మ నోరు తెరిచి కూర్చుంది.

“చిగురు చక్కగా మానింది నానమ్మా. పన్నే ఇంకా కాస్త కదులుతోంది. ఈ పక్క నమలడం లేదా?”

“నమలడమా! ఊడిపోబోతుంటే నా మనవరాలు నిలబెట్టిన పన్ను అది. అరగదీసుకుంటానా? ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను.”

“అయ్యో! పంటిని పట్టుకునే నారల్ని అల్లేది దాని చుట్టూ ఉండే కణాలే. నమిలే ఒత్తిడి కాస్త తగిలితేనే గట్టిగా అల్లుతాయి. ఊరికే కూర్చోబెడితే బద్ధకిస్తాయి.”

“అచ్చం నీలాగే. వెంటపడితేగానీ పుస్తకం పట్టేదానివా?”

“సరేలే. నా డబ్బాలో ఉడికించిన క్యారెట్ ఉంది, దాంతో మొదలుపెట్టు.”

“ఇలా తే. ఆ తలుపు కూడా తియ్యి, బయట కూర్చున్నవాళ్లు చూస్తారు.”

“నమిలేటప్పుడు నోరు మూసుకోవాలి నానమ్మా!”

“మూసుకుంటాలే. ఎవరు నిలబెట్టిన పన్నో వాళ్లకి నువ్వే చెప్పు.”