రెండు రోజుల చార్జి

సెల్‌ఫోన్లకు బ్యాటరీలు మార్చే తమ్ముడు షాపు సెలవు రోజున ఇంట్లో ఉన్నాడు. వేరే ఊళ్లో ఉన్న అక్క ఫోన్ చేసి అప్పటికే కాసేపైంది.

"మంచి ఫోన్ పంపావక్కా. అదే మందం, కానీ రెండు రోజులు నిలుస్తోంది. పాత బ్యాటరీల్లో ఉత్త గ్రాఫైటే ఉండేది. ఇందులో సిలికాన్ కలిపారు. దానితో చిక్కేమిటంటే, చార్జి ఎక్కేకొద్దీ ఉబ్బుతుంది. పగిలిపోకుండా కార్బన్‌తో కలిపి..."

"ఒరేయ్, నేనడిగింది బ్యాటరీ గురించి కాదు. నా మరదలికి ఫోన్ ఇవ్వమన్నాను."

"స్నానం చేస్తోంది."

"ఇందాక బజారుకెళ్లిందన్నావు."

"బజారు నుంచి వచ్చి స్నానం చేస్తోంది."

"ఆహా. ఆ టకటక ఏమిటి?"

"స్క్రూలు. డబ్బాలో వేస్తున్నా."

"సెలవు రోజు కూడానా? ఎక్కడ పరిచావు దుకాణం?"

"మంచం మీద. సగం ఖాళీయే కదా."

"సగం ఖాళీయా?"

"అక్కా, చార్జి అయిపోతోంది. మళ్లీ చేస్తా..."

"పెట్టావంటే చూడు! రెండు రోజులు నిలుస్తుందని ఇప్పుడేగా పురాణం విప్పావు. ఊరందరికీ బ్యాటరీలు మారుస్తావు, నీ ఫోన్ మాత్రం ఎప్పుడూ చావుబతుకుల్లోనే."

"పాతది నిజంగానే అయిపోయేది."

"అవునవును. నేను తన మాట ఎత్తగానే అయిపోయేది."

"అది కాదక్కా..."

"తను వెళ్లిపోయి నాలుగు నెలలైందని నాకు తెలుసురా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏం? నువ్వు చెప్పలేదు."

"ఏం చెప్పను? కొట్టానా, తిట్టానా? ఒక్క మాట అనలేదు."

"అదే కదా తన బాధ! ఒక్క మాట అనవు. అన్నం ముందు కూర్చున్నా ఎవరిదో ఫోను విప్పి పెట్టుకుంటావు. గోడతో కాపురం చేశాను వదినా అంది."

"నీతో అలా అందా?"

"అనదా మరి? ఏదో ఉద్యోగం చూసుకుంది, ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉంటోంది. రమ్మంటే వస్తుంది. నువ్వు రమ్మనాలి. ఆ మాట కోసమే కదరా తను రోజూ నీకు ఫోన్ చేసేది."

"నాకు తెలీదా అక్కా? ఇంటికొస్తే ఫ్రిజ్జు చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అందుకే ఎవరివో ఫోన్లు తెచ్చుకుని విప్పుతుంటాను."

"ఆ ముక్క తనతో చెప్పు."

"చెబుదామనే ఫోన్ ఎత్తుతాను. 'తిన్నారా' అంటుంది. అంతే. ఇంకో నిమిషం ఉంటే ఏడ్చేస్తానక్కా. తనకి వినబడుతుంది."

"వినబడనీ."

"నవ్వుకుంటుంది."

"నవ్వదురా పిచ్చి సన్నాసీ. నాకు తెలుసు."

"రేపు చెప్తాలే. ఒట్టు. రేపు తను చేయగానే, తిన్నారా అనకముందే, వచ్చెయ్యి అంటాను."

"రేపెందుకు? ఇవాళ చెయ్యలేదా?"

"పొద్దున చేసింది."

"ఏమన్నావు?"

"ఏముంది, మామూలే."

"మామూలే అంటే?"

"మామూలే అంటే మామూలే."

"ఏమన్నావురా?"

"చార్జి అయిపోతోందన్నాను."

"ఈ ఫోన్‌లోనా?"

"ఇందులోనే. తనకేం తెలుస్తుంది, పాత డొక్కుదే అనుకుంటుంది... ఏం? అక్కా? లైన్లో ఉన్నావా? కొంపదీసి నువ్వు ఫోన్ కొనిచ్చావని తనకు చెప్పావా ఏంటి?"

"ఒరేయ్... నేను కొరియర్‌లో వేశానంతే. ఆ ఫోను కొన్నది తనేరా."