గోడౌన్లో కోళ్ళు

సోఫాలో గుడ్డెందుకుందని నన్నడిగితే ఏం చెప్పను సార్? కోడి పెట్టింది కాబట్టి ఉంది. వాచ్‌మన్ని, నేనైతే పెట్టలేను కదా.

అబ్బే, వెటకారం కాదు. మీరు ముందు కూర్చోండి, కాసిని నీళ్ళు తాగండి. ఆ కాగితం నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టే కదా, తెలుస్తూనే ఉంది. సంతకం పెడతాను, ఎక్కడికీ పోను. కాస్త చెప్పుకోనివ్వండి.

పగిలిందా? ఆ సోఫా కొన్న పళ్ళ డాక్టరుగారి అత్తగారు కూర్చున్నారా దాని మీద? కొత్త సోఫాలో అందరికంటే ముందు నేనే కూర్చుంటానని పట్టుబట్టి మరీ కూర్చున్నారా? పాపం, పెద్దావిడ. లేదు సార్, నవ్వట్లేదు. పదకొండు రాత్రుల నుంచి రెప్ప వాల్చలేదు, మొహం దాని ఇష్టం వచ్చినట్టు పోతోంది.

కోళ్ళు మా ఆవిడవి. ఎనిమిదుండేవి. ఆవిడకి నా మీద కంటే వాటి మీదే ప్రేమ. నేనేం అనుకోను లెండి. అవి పొద్దున్నే లేస్తాయి, గుడ్లు పెడతాయి, పెట్టింది తింటాయి. నేను మూడో పని ఒక్కటే చేస్తాను.

నేనిక్కడ డ్యూటీలో ఉంటే అక్కడ పెరట్లోకి ఏదో వచ్చి కోళ్ళని ఎత్తుకుపోవడం మొదలెట్టింది. ముందు ఎర్రపెట్ట పోయింది. గూటికి గడియ పెట్టాం. అది కింద తవ్వుకుని వచ్చి ఇంకోదాన్ని పట్టుకుపోయింది. చుట్టూ ఇటుకలు పేర్చాం. ఇంట్లో మనుషులు మేలుకుని ఉన్నారనుకుంటుందని గూటి పక్కన రాత్రంతా రేడియో పెట్టి వదిలేశాం. తెల్లారి చూస్తే పైన రేకు లేచిపోయి ఉంది, మూడోది లేదు. రేడియో మాత్రం పాడుతూనే ఉంది.

నక్క అని ఒకరు, అడవిపిల్లి అని ఒకరు. మా బావమరిది పెద్ద తెలివైనవాడు లెండి, గూటి చుట్టూ పిండి చల్లు బావా, అడుగులు పడితే ఏ జంతువో తెలిసిపోతుంది అన్నాడు. డ్యూటీకొచ్చే ముందు శుభ్రంగా చల్లాను. తెల్లారి ఇంటికెళ్ళి, ఆ సంగతి మర్చిపోయి, కోళ్ళెలా ఉన్నాయోనని నేరుగా గూటి దాకా నడిచాను. చుట్టూ రెండుసార్లు తిరిగాను కూడా. మా ఆవిడ వచ్చి చూస్తే నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేం లేవు. దొంగ దొరికాడు అని వీధంతా చెప్పుకొచ్చింది.

నవ్వారు, చూశారా. మీకూ నవ్వొచ్చింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఊళ్ళోవాళ్ళ సోఫాలు కాస్తావు, ఇంట్లో కోడిని కాయలేవు. ఇంకొక్కటి పోయిందంటే నువ్వూ ఆ గోడౌన్లోనే ఉండిపో" అంది. వాచ్‌మన్ని పట్టుకుని అనాల్సిన మాటేనా సార్ అది?

అందుకే మిగిలిన ఐదింటినీ ఇక్కడికి తెచ్చుకున్నాను. రోజూ సైకిల్ వెనక గంప, గంప మీద గోనె. చీకటి చేస్తే కోళ్ళు కిక్కురుమనవు. గేటు దగ్గర మీరు ఓసారి ఎదురుపడి ఏంటిదన్నారు, పాత బట్టలన్నాను. బట్టలు కదులుతున్నాయేంటని మీరు అడగలేదు. అది మీ పెద్దమనసు.

ఇంత మంచి గూడు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? సిమెంటు నేల, ఇనుప షట్టర్లు. ఒక్క వెనక షట్టరు కింద మాత్రం బెత్తెడు సందుంది. వాసన పట్టుకుని అందులోంచి వస్తుందేమోనని రాత్రంతా కర్ర పట్టుకుని అక్కడే కూర్చునేవాణ్ణి. తెల్లారాక కోళ్ళని లెక్కపెట్టుకుని, కింద పరిచిన పేపర్లు ఎత్తేసి, మీరొచ్చేలోపు ఇంటికి. నల్లపెట్ట గుడ్లు మానేసిందని మా ఆవిడ బెంగపెట్టుకుంది. మానలేదన్నమాట. నా చూపు షట్టరు మీదుంటే దాని చూపు ఆకుపచ్చ సోఫా మీదుంది.

తప్పే. కాదని ఎవరన్నారు?

మొన్న రాత్రి మాత్రం వచ్చింది సార్. వెనక షట్టరు దగ్గర కిర్రుమని చప్పుడు. వచ్చావా తల్లీ, నీకోసమే కూర్చున్నాననుకుని, పక్క తలుపు తీసి, "ఇవాళ నీ తోలు ఒలుస్తా" అని కేకలు పెడుతూ టార్చి వేశాను. నాలుగు కాళ్ళే, కానీ ఇద్దరు మనుషులవి. ఇనప కడ్డీతో షట్టరు లేపుతున్నారు. నన్ను చూసి కడ్డీ అక్కడే పారేసి గోడ దూకారు. ఒకడి చెప్పు కూడా ఉండిపోయింది. రెండూ నా గదిలో ఉన్నాయి, చూపిస్తాను రండి.

చెప్తే ఏమంటారు మీరు? భేష్ అంటారు, ఆ వేళప్పుడు వెనకవైపు ఏం చేస్తున్నావంటారు. నాకు అబద్ధం అతకదు. కోళ్ళ సంగతి బయటికొచ్చేస్తుంది. అందుకని నోరు మూసుకున్నాను.

ఇంతకుముందు ఎప్పుడన్నా వచ్చారా అంటారా?

ఏమో సార్. వచ్చే ఉంటారు. నాకెలా తెలుస్తుంది?

అలా చూడకండి. పగలంతా ఇస్త్రీ బండి దగ్గర నిలబడతాను. మీరు వేసుకున్న చొక్కా కూడా నేను చేసిందే, ఆ చేతి మడత నాదే. పొద్దుగూకేదాకా ఇస్త్రీ పెట్టె లాగినవాడికి రాత్రి నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? ఇక్కడికొచ్చి, తాళాలు చూసుకుని, మీరు పాత సోఫా అని పక్కన పడేశారే, దాని మీద ఒళ్ళు వాలిస్తే మళ్ళీ తెల్లారాకే లేవడం. పంతొమ్మిదేళ్ళూ అలాగే గడిచిపోయాయి. మా ఆవిడ అన్న మాట అందుకే కదా నాకంత గుచ్చుకుంది.

ఇలా ఇవ్వండి ఆ కాగితం. ఎక్కడ, ఇక్కడేనా?

పంతొమ్మిదేళ్ళలో మీ గోడౌను నేను నిజంగా కాసింది ఈ పదకొండు రాత్రులే సార్. ఉద్యోగం పోతున్నదీ వాటికే.