ఆయుధపూజ నాడు సిలిండర్లకు పెట్టిన నూనె

"తాతా, నూనె గోరువెచ్చగా కాచి తెచ్చినాను. శనివారం గదా, తల వంచు. నూనె అంగడోళ్ళ ఇంట్లో పుట్టినావు, నీ తలకు నూనె పెట్టుకోంగా నేనెప్పుడూ చూడలేదే! ఎందుకు తాతా?"

వద్దు తల్లీ, ఆ గిన్నె ఆడ పెట్టు. ఏందది, ఫోనులో రికార్డు పెట్టినావా? పెట్టుకో, పెట్టుకో. ఈ మాట మీ అమ్మ కూడా అడిగింది, నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీ అవ్వకు మాత్రం తెలుసు. నీకు ఈ పొద్దు రెండు గంటలకు మూలకుళం ఆసుపత్రిలో నర్సుగా మొదటి డ్యూటీ, అందుకని నీకు చెప్పాల్సిందే. ఆ ముక్కాలి లాక్కోని కూర్చో.

మా నాయనది నువ్వుల నూనె వ్యాపారం. బజారులో ముందర అంగడి, వెనకాల గానుగ. మా ఇంట్లో తలుపు గడియ కిర్రుమంటే నూనె, బిడ్డకు కడుపునొప్పంటే బొడ్డుకు నూనె, ఎవడన్నా కోపంగా ఉంటే "పో, తలకు నూనె పెట్టుకోని తానం చెయ్, దిగిపోతుంది" అనేది మా అమ్మ. నాయన పోయినాక అంగడి మా అన్న చూసుకొనె. మంచోడే పాపం, తగువేం లేదు. నాకే గల్లా పెట్టె ముందర కూర్చునే ఓపిక లేదు. ఏది చూసినా ఇదెందుకు, అదెట్లా అని అడిగే రోగం నాకు. ఆ రోగంతోనే పోయి ఆసుపత్రి గ్యాసు స్టోరులో పనికి చేరితిని. డెబ్బైల్లో మాట. మీ అమ్మ ఇంకా పుట్టలేదు... కాదు కాదు, పుట్టింది, ఉయ్యాల్లో ఉండె. టీ పదిహేను పైసలు అప్పుడు. ఆ ఆసుపత్రి పేరెందుకులే, ఇప్పుడది లేదు కూడా.

మీకు ఇప్పుడు గోడలోనుంచి గొట్టం వస్తుంది, తిప్పితే గాలి వస్తుంది. అప్పుడు యాడుండె అదంతా! మద్రాసునుంచి వారానికొక లారీ వచ్చేది. నల్ల ఒళ్ళు, తెల్ల భుజం ఉంటే ఆక్సిజన్. నీలం రంగుది ఆపరేషన్‌కు మత్తు గ్యాసు. నిండువి ఒక పక్క, ఖాళీవి ఒక పక్క, పడిపోకుండా గోడకు గొలుసు. మా మేస్త్రీ ఆరోగ్యసామి. తమిళాయన, ఒర్లియంపేటలో ఇల్లు. మాట తక్కువ, ముక్కు ఎక్కువ ఆయనకు. ఏందంటే, పొద్దున్నే స్టోరు వాకిట్లో నిలబడి మా అరచేతులు పట్టి వాసన చూస్తాడు. నూనె వాసన లేదనుకో, "పో లోపలికి" అంటాడు. ఉందనుకో, సీకాయ పొడి ఇచ్చి కొళాయి దగ్గరికి తరుముతాడు. పనికి చేరినప్పుడు నన్ను మూడు తూర్లు కడిగించినాడు! తలకు రాసుకున్న నూనె చేతికి దిగుతుందని పనికొచ్చే రోజు తలకు కూడా వద్దన్నాడు.

"ఎందుకు మేస్త్రీ?" అంటిని.

"వద్దంటే వద్దు తంబీ" అనె. అంతే.

నేనేం అనుకుంటిని? నూనె చెయ్యి జారుతుంది గదా. సిలిండర్ మనిషంత బరువు, చెయ్యి జారితే కాలు పోతుంది. అందుకే వద్దంటాడు అనుకుంటిని. ఎంత తెలివి చూడు నాది! అడిగే రోగం ఉన్నోడు ఇంకోసారి అడగాల గదా. అడగలేదు. నాకే తెలిసిపోయింది అనుకున్నాను.

రెండో ఏడు పురటాసి నెలలో, దసరా రోజుల్లో, మేస్త్రీ కాలు బెణికి ఇంట్లో ఉండె. స్టోరు తాళం నా చేతికి వచ్చె. అదే వారం ఆయుధపూజ. ఈ ఊర్లో ఆయుధపూజ ఎట్లుంటుందో నీకు చెప్పాల్నా! కత్తిపీటకు కూడా బొట్టు పెడతారు. మా నాయన బతికున్నప్పుడు, పూజకు ముందు రోజు గానుగ, తక్కెడ, తూకపు రాళ్ళు అన్నీ నూనె గుడ్డతో తళతళ తుడిచి, ఆమీద గంధం కుంకుమ పెట్టేవాడు. ఇనుముకు నూనె పెట్టకుండా పూజ చేస్తే తలంటు పొయ్యకుండా పెళ్ళికొడుకును కూర్చోబెట్టినట్టు అనేవాడు. నాకు మొదటిసారి నాదంటూ ఒక స్టోరు. ఊరుకుంటానా? అన్న దగ్గర మంచి నూనె ఒక గిన్నెడు తెస్తిని.

ఇంకా విను, జాగ్రత్త కూడా పడినాను. ఒంటికి పూస్తే జారుతుంది గదా అని, పైన ఉండే ఇత్తడి తలకాయలకే పెట్టినాను. గాలి వదిలే వాల్వు, దాని మర, తిప్పే చావి, మీటర్లు. బంగారం మాదిరి మెరిసినాయి. నిండు సిలిండర్లు ఎనిమిది. ఎనిమిదింటికీ పెట్టినాను. పూజలో ఒకదాన్ని వదిలిపెడితే తప్పు గదా!

పదకొండు గంటలకు పూజ అయిపోయె. పొరి, సుండలు, అదే బొరుగులు, గుగ్గిళ్ళు, పంచుతా ఉండాను. మేస్త్రీ కర్ర పట్టుకోని కుంటుకుంటా వచ్చె. ఆయన కిరస్తానీ, అయినా ఆయుధపూజ పొరి అంటే ప్రాణం. "రా మేస్త్రీ, చూడు మన స్టోరు" అని నేను ముందు నడిస్తిని. ఆయన వాకిట్లోనే నిలబడిపోయె. ముక్కు ఎగబీల్చె.

"ఏం వాసన?"

"మా గానుగ నూనె మేస్త్రీ, కల్తీ లేదు."

"దేనికి పెట్టినావు?"

చెప్పినాను. సంతోషంగా చెప్పినాను తల్లీ, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. ఆయన అరవలేదు. నా చేతిలో చావి మెల్లంగా తీసుకొనె. "ఒకటన్నా తెరిచినావా?" అనె. లేదంటిని. ఆయన శిలువ గుర్తు వేసుకోని, ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టి చూపించె. ఆడ వెంట్రుకే లేదు. ఎప్పుడూ చూసేదే, పుట్టుకనుంచి అట్లే అనుకుంటిని. "నా వయసు కూడా నీ అంతే అప్పుడు. వాల్వుకు చిటికెడు గ్రీజు. తెరిస్తిని, ఢబ్బుమనె. నా పక్కనుండేవాడు పోయినాడు" అనె. అంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదంట.

అప్పుడే వార్డునుంచి నర్సమ్మ వచ్చి "కన్నమ్మ సిలిండరు మీటరు ముల్లు దిగిపోతాంది, ఇంకా గంటకు మించి రాదు, కొత్తది తీసుకురా" అనె.

కన్నమ్మక్క ఎవరంటే, ఆసుపత్రి గేటు దగ్గర ఇడ్లీలు అమ్మేది. పొయ్యి పొగ తిని తిని ఆమె ఊపిరితిత్తులు పాడైపోయినాయి. రోజూ పొద్దున్నే నాకు మూడు ఇడ్లీలు పెట్టి, "బక్కగా ఉండావు" అని నాలుగోది ఊరికే పెట్టేది. ఆ రోజు ఆమె మంచం మీద కూర్చోని, రెండు చేతులు ఊని, ఒక్కొక్క ఊపిరి తవ్వి తీసుకుంటాంది. ఎనిమిది నిండు సిలిండర్లు పెట్టుకోని ఆమెకు ఒకటి ఇయ్యలేను నేను. నా చేత్తో నేనే పాడు చేసినాను.

"సీకాయ పెట్టి కడిగేస్తాను మేస్త్రీ" అంటిని. "మర సందులో దూరిన నూనె నీ సీకాయకు రాదు. వీటిని మద్రాసుకు తిప్పి పంపాల" అనె. ఆఫీసునుంచి కాలవ అవతలుండే ఇంకో ఆసుపత్రికి ఫోను చేసె. వాళ్ళు ఒకటి ఇస్తామన్నారు, కానీ తెచ్చే బండి లేదు. మన ఆసుపత్రి వ్యానుకు పూజ చేసి డ్రైవరు ఊరికి పోయినాడు. పూజ అయిన బండి మరుసటి రోజుదాకా కదలకూడదు గదా, ఊరంతా అదే కథ. మా అన్న అంగడి తోపుడు బండి ఉంది, కానీ ముప్పై ఏండ్ల నూనె తాగిన కొయ్య అది! మా ఇంటి బండి మీద మాత్రం ఆ సిలిండర్ పెట్టకూడదు. చూడు ఎట్లా చుట్టుకొనిందో.

మేస్త్రీ నాకు మోచేతులదాకా సీకాయ రుద్దించి, చొక్కా విప్పించి, ఆపరేషన్ వాళ్ళ పచ్చ గౌను తొడిగించె. ఆ వేషంతో సరుకు మోసే ట్రైసైకిళ్ళ స్టాండుకు పరిగెత్తితిని. అన్నీ కడిగి, అరటి పిలకలు కట్టి, దండలు వేసి వరసగా పెట్టి ఉండారు. మాణిక్యం అని తెలిసినాయన ఉండె. బతిమాలితిని.

"పూజ చేసిన బండి, రేపు రా" అనె.

"కన్నమ్మక్కకు ఊపిరి ఆడటంలేదన్నా."

"ఎవరు, మన ఇడ్లీ కన్నమ్మా?" అని లేచి నిలబడె. "ఆ మాట ముందే చెప్పకూడదా!" దండ తియ్యలేదు, అరటి పిలకలు తియ్యలేదు, చక్రం కింద నిమ్మకాయ తన్నేసి బండి ఎక్కె.

పోయేటప్పుడు బాగనే పోతిమి. వచ్చేటప్పుడు సిలిండర్‌ను పడుకోబెట్టి, కొత్త తాడుతో కట్టి, నేను పక్కన దాన్ని పట్టుకోని కూర్చుంటిని. రోడ్డంతా దిష్టికి పగలగొట్టిన గుమ్మడికాయలు. చక్రం జారిందంటే అయిపోయె. మాణిక్యం పాము మాదిరి తిప్పుతా పోతాడు. దండలు వేసిన బండి, పచ్చ గౌను వేసుకున్న నేను. జనం ఏదో దేవుడు వస్తాండాడు అనుకొనిరి! ఒకామె ఇంట్లోనుంచి కర్పూరం వెలిగించుకోని హారతికి ఎదురు వచ్చె. "వద్దు తల్లీ, నిప్పు వద్దు, దూరం పో!" అని నేను అరిచిన అరుపుకు ఆమె పళ్ళెం పారేసె. నవ్వుతాండావా? నవ్వు. ఆ రోజు నాకు ఏడుపు తన్నుకోని వస్తాంది.

వచ్చేసరికి ముల్లు సున్నా దగ్గర వణుకుతాంది. మేస్త్రీ ఒంటికాలి మీద నిలబడి, వాళ్ళిచ్చిన చావితోనే మొదట రవ్వంత తెరిచి దుమ్ము ఊదేసి మూసె. తరవాత మంచం దగ్గరుండే మీటరు బిగించె. నేను నూనె పెట్టనిది అదొక్కటే మిగిలింది. మళ్ళీ మెల్లంగా తెరిచె, పసిబిడ్డ నిద్రపోయే గది తలుపు తీసినట్టు. కొంచెంసేపటికి కన్నమ్మక్క భుజాలు కిందికి దిగె. నన్ను చూసి, గౌను చూసి, "ఎప్పుడు డాక్టరైనావురా?" అనె. నేను వాకిట్లోకి పోయి ఏడ్చినాను. ఆమె ఆ తరవాత నాలుగేండ్లు ఇడ్లీలు అమ్మింది.

మరుసటి రోజు పెద్ద డాక్టరు పిలిచె. తప్పు నాది, పని తీసేయండి అంటిని. మేస్త్రీ అడ్డం వచ్చి, "వద్దని చెప్పినాను, ఎందుకో చెప్పలేదు. సగం తప్పు నాది" అనె. పెద్ద డాక్టరు, "ఇకమీదట ఎవరు పనికి చేరినా, ఎందుకో నువ్వే చెప్పాల" అని నాకే పెట్టె ఆ పని. ఇరవై ఏండ్లు చెప్పినాను.

ఎట్లా చెప్పేవాణ్ణంటావా? ఆక్సిజన్ తనంతట తాను మండదు, నూనె ఊరికే ఉంటే మండదు, రెండూ కలిస్తే ఎందుకు మండుతాయని నేనే చానా రోజులు తల గోక్కున్నాను. చివరికి మత్తు డాక్టరు ఒకాయన చెప్పినాడు. సైకిలుకు గాలి కొట్టి పంపు అడుగు పట్టుకోని చూడు, వేడిగా ఉంటుందిలే. గాలిని నొక్కితే వేడి. సిలిండర్‌లో నొక్కి పెట్టిన ఆక్సిజన్ ఒక్కసారి మీటరులోకి దూకితే దానికంటే ఎన్నో రెట్లు వేడి. ఆడ నూనె ఉంటే అంటుకుంటుంది, ఆక్సిజన్ దాన్ని ఎగదోస్తుంది. కొత్తగా చేరినోళ్ళకు ముందు సైకిలు పంపు ఇచ్చి కొట్టమనేవాణ్ణి. వేడి తెలిసినాక మేస్త్రీ కనుబొమ్మ కథ చెప్పేవాణ్ణి.

ఆ మరుసటి రోజు ఇంకొకటి జరిగింది. పెద్ద డాక్టరు గదినుంచి స్టోరుకు వస్తిమి. నేను లోపలికి పోలేదు, వాకిట్లోనే నిలబడితిని. మేస్త్రీ కర్ర గోడకు ఆనించి, ఎప్పటి మాదిరే నా రెండు చేతులు పట్టుకోని వాసన చూసె. "పో లోపలికి" అనె. అంతే తల్లీ. ఆ పొద్దునుంచి సెలవునాడు కూడా తలకు నూనె పెట్టలేదు. పని మానేసి ఇన్నేండ్లైనా, మేస్త్రీ పోయి ఇన్నేండ్లైనా, పెట్టబుద్ధి కాలేదు. పొద్దున్నే ఎవరో చేతులు పట్టి చూస్తారేమో అనిపిస్తుంది.

సరే, టైమైంది నీకు. నూనె గిన్నె పట్టుకున్న చేతులతో పోతావా? సీకాయ ఆ డబ్బాలో ఉంది చూడు. గోళ్ళ సందుల్లో కూడా రుద్దు. ఆడ ఎవరన్నా ఏదన్నా వద్దంటే మానుకో, కానీ ఎందుకని అడుగు. ఒకసారికి చెప్పకపోతే రెండోసారి అడుగు, నా మాదిరి నీకే తెలిసిపోయింది అనుకోవద్దు.

కడిగినావా? ఏదీ, ఇట్లా తే చేతులు. రెండూ.

ఆఁ... చల్లగా ఉండు నా తల్లీ. పో లోపలికి.