మేనత్త పోలిక

బహదూర్‌పురాలోని కొట్టంలో అన్న బర్రె పాలు పిండుతున్నాడు. పక్కన నిలబడిన చెల్లెలి వైపు తలెత్తలేదు. రొమ్ము క్యాన్సర్ మందులకు జుట్టంతా రాలి, ఆమె తలకు రుమాలు కట్టుకుంది. ఆ రుమాలంటే అతనికి భయం.

“నా బిడ్డకు పరీక్ష గిరీక్ష వద్దు. బస్తీల తెలిస్తే లొల్లయితది.”

“ముందుగాల పిల్లకు కాదన్నా, నీకు. అమ్మ నుంచి నాకొచ్చిన జీన్ల దోషం నీలగూడ ఉన్నదా అని డాక్టరమ్మ చూస్తదంట. లేకుంటే పిల్లకు పరీక్షే అక్కర్లేదు.”

“ఆడోళ్ల రోగం నాల ఎందుకుంటది? నా మీసాలు కనవడ్తలేవా ఆ డాక్టరమ్మకు?”

“అమ్మ నన్నొక్కదాన్నే కన్నదా?”

“అమ్మది అమ్మతోనే పోయింది. నువ్వొచ్చి నా ఇంట్ల నిప్పు పెట్టకు.”

“నీ బిడ్డ స్రవంతి పుట్టిన్నాడు బస్తీ అంత తిరిగి కోవా పంచినవు. ఏమని చెప్పి పంచినవు?”

పొదుగు మీద అతని చేతులు ఆగిపోయాయి.

“చెప్పన్నా, ఏమని?”

“మేనత్త పోలిక అని.”

“దాన్ని నేను కన్ననా? నా పోలిక దానికి ఎవరి నుంచి వచ్చింది?”

బర్రె కాలు విదిల్చింది. అతను చెంబు పక్కన పెట్టి, పాల చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తలెత్తి ఆ రుమాలు వైపు చూశాడు.

“ఏ చేతి నుంచి తీస్తరు రక్తం?”