కొట్టు తలుపుల గూడు

రాత్రి కురిసిన మబ్బు తెల్లవారేసరికి పలచబడి, హల్దియాపదర్ ఇళ్ల మీద నీరెండ పడుతోంది. పెరట్లో భర్త కట్టిన కోళ్లగూడు చుట్టూ ఆవిడ ఒకసారి తిరిగి వచ్చింది.

"రెండ్రోజుల పనన్నారు. నెల పట్టింది."

"వానకి నన్నేటి సెయ్యమంటావు?"

"వలకీ, రేకులకీ అయిన డబ్బుతో బజార్లో కట్టిన గూడే వచ్చును కదండీ."

"దానికింత గట్టి తలుపుంటాదా? సూడు, సెక్కలు వరసగా గాడిలో దించడమే."

"మరి సెక్కల మీద ఈ అంకెలేటి?"

ఆయన సుత్తి కేసి చూశాడు. ఆవిడ గుర్తుపట్టింది.

"మన బడా బజార్ కొట్టు తలుపులే! ఎవరొచ్చి అడిగినా అమ్మనన్నారు కదా."

"కొట్టే మూసీసినాక తలుపులెందుకే? పెళ్లయిన కాడ్నుంచి కోళ్లు కావాలంటన్నావు. కొట్టు పనితో మనకి తీరిందా?"

ఆవిడ ఏడో చెక్క మీద కొట్టు పూజల నాటి కుంకుమ మరకను కొంగుతో తుడవబోయి ఆగింది. కొట్టు మూసిన నాటినుంచి ఈయన సరిగ్గా తిండి తినడం లేదు.

"అయితే కోళ్ల కోసం రోజూ ఏడు సెక్కలూ ఎయ్యాలా?"

"నేనేస్తాన్లే. అలవాటైన సెయ్యి."

"పొద్దున్న తియ్యడం?"

"అదీ నేనే. ఏళకి లేవాలి కదా."

"కోళ్లు సరుకడిగితే?"

"అరువు లేదని సెప్పు."

ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్లి, రెండు గిన్నెల్లో రాత్రి నీళ్లలో నానబెట్టిన పఖాళ అన్నం, కాల్చిన ఎండుమిరపకాయలు తెచ్చింది. ఇన్నేళ్లూ ఆయన పొద్దుటి తిండి కొట్లోనే. ఇవాళ గూటి ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆయన గిన్నె ఖాళీ అయింది.