తుంగకుంటల ఎర్రపిల్లలు

"నానమ్మగారూ, ఇది పారేయమంటారేంటండీ? చేపే కదండీ. ముళ్లు కూడా తీసి ఇచ్చాడు."

చేపనే బిడ్డా, కాదని నేనంటనా. ముందుగాల దానికి మూత వెట్టి అవతల వెట్టు. యాడ కొన్నవ్, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద బండి మీదనా? ఏం చేపనో చెప్పిండా వాడు? చెప్పడు. తోలు తీసి, తలకాయ తీసి, ముక్కలు జేసి కవర్ల ఏసిస్తె నీకేం ఎర్కయితది. నువ్వు భీమవరం దిక్కు పిల్లవు, చేపలు చూడనిదానివా? తలకాయ ఉంటె నువ్వే కొనకపోతుంటివి. అది క్యాట్‌ఫిష్. మన జెల్ల గాదు, మన మార్పుచేప గాదు, ఎక్కడ్నో పరాయి దేశంల పుట్టింది.

ఏంది, నా మాటలు ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కియ్యి. మా సాయిలు ఇన్నా నాకేం ఫికర్ లేదు.

సాయిలంటె నా మరిది, మీ తాత తమ్ముడు. మీ తాతను నువ్వు చూడలే, నువ్వీ ఇంటికి రాకముందే పాయె. మా చెల్లె సత్తెమ్మను సాయిలుకిచ్చిండ్రు. అక్కచెల్లెండ్లం అన్నదమ్ములను చేసుకున్నం, మీ తాత ఉన్నన్ని దినాలు ఒక్క పొయ్యి మీదనే వండుకున్నం. పుప్పాలగూడ అప్పుడు ఊరే గదా. మనం కూసున్న గీ అపార్టుమెంటు కాడ జొన్నచేను ఉండె. జొన్న... కాదు కాదు, జొన్న అవతలికి, ఇక్కడ ఆముదాలు. దాని దిగువకు వాగు. వాగు పోయి తుంగకుంటల వడ్తది. ఇప్పటికీ వడ్తది. నీ ఆఫీసు బస్సు మలిగే కాడ అద్దాల బిల్డింగు ఎనుక రేకులు అడ్డం వెట్టిండ్రు జూడు, గా రేకుల అవతల.

మేం చేపలు వట్టెటోళ్లం. గా వాగుల పరకలుండె, వేలంత, తళతళ మెరుస్తయ్. అవ్వి పాచి తింటయ్, దోమపురుగులు తింటయ్. మా అత్త కాలంల పావలాకు గంపెడు పరకలిస్తుండె, చింతకాయ ఏసి పులుసు వెడ్తె... సరే, ఇడిసిపెట్టు. జెల్లలు అడుగున తిరుగుకుంట బురదల పురుగులు ఏరుకుంటయ్. కొర్రమట్ట పరకను మింగుతది, కప్పను మింగుతది, మింగి తుంగల పోయి పంటది. మళ్ల ఆకలైతెనే లేస్తది. ఇగ అసలు ముచ్చటేందంటె, కొర్రమట్ట పిల్లలను మళ్ల గా పరకలే తింటయ్, జెల్లలే తింటయ్. గందుకే తల్లి పిల్లలను ఇడిసి కదలదు. తండ్రి గూడ ఉంటది. తొలకరికి పిల్లలయితయ్, నీళ్ల మీద కుంకుమ జల్లినట్టు ఎర్రగ ఒక్క గుంపు. గాలి కోసం మీదికొచ్చుడు, పోవుడు. కింద తల్లి. ఎవ్వరొచ్చినా గుద్దుతది, మనం కాలు వెట్టినా గుద్దుతది. అప్పుడు దాన్ని వట్టుడు చాన అల్కగ, పిల్లల మీద ఏదేసినా వచ్చి కరుస్తది. గని మావోళ్లు ముట్టకపోతుండె. గా టైంల ఎవడన్న గాలం వట్టుకొని కట్టెక్కితె మీ తాత గుంజుకొని ఇరగ్గొడ్తుండె. తల్లిని తీస్తె పొద్దుగూకెటాళ్లకు ఒక్క పిల్ల మిగలదు గదా.

మీ తాత పోయినంక పెద్దరికం సాయిలుదాయె. ఒకనాడు ట్రాలీ ఆటోల డ్రమ్ములు తెచ్చిండు. డ్రమ్ములల్ల గీ క్యాట్‌ఫిష్‌వే మీసాల పిల్లలు, నల్లగ, ఒకదాని మీద ఒకటి వడి పొర్లుతున్నయ్. జల్ది పెరుగుతయంట, నీళ్లు ఖరాబైనా సావయంట. గా చేపను పెంచొద్దని సర్కారు ఎప్పుడో బంద్ వెట్టింది, వానికెర్కనే. ఎర్కుండే తెచ్చిండు. కుంట పక్కపొంటి గుంత తవ్విచ్చి దాంట్ల ఇడిసిండు. ఏం తింటయ్ ఇవ్వి అనడిగిన. ఏదైనా తింటయ్ వదినా అన్నడు, మురుసుకుంట. ఏదైనా తినెటిది మా కుంటల ఎన్నడు లేకుండె. ప్రతిదానికి దాని తిండి ఉండె, దాన్ని తినెటిది ఇంకోటి ఉండె.

దినాం చికెన్ షాపుల కాడికెళ్లి పేగులు, ఈకలు సంచులల్ల తెచ్చి పోసుడు. వాసనకు తలుపులు తెరవకపోతుంటిమి. నేను లొల్లి వెట్టిన. వానలు వడ్తె నీ గుంత నిండదా అన్న. నిండది అన్నడు. వానతోని మాట్లాడి వచ్చినట్టు జెప్పిండు.

నిండింది. కుంట గూడ నిండి నీళ్లు మత్తడి మీదికెళ్లి దుంకినప్పుడు గుంతా కుంటా ఒక్కటాయె. ఎన్ని పోయినయో వానికే తెల్వదు. ఏమాయె సాయిలూ అంటె, కుంటల పెరుగుతయ్ తీయ్, తిండి ఖర్చు తప్పింది అన్నడు. గట్లంటడా మనిషి? గా నీళ్ల కాడ్నే పుట్టి పెరిగినోడు గట్లంటడా?

మొదలు పరకలు పోయినయ్. నేను పోయి వల ఇసిరితె ఉత్త తుంగాకే వస్తుండె. తర్వాత జెల్లలు. తర్వాత కప్పల సప్పుడు బంద్. వానకాలం కప్ప అరవకపోతె ఎట్లుంటదో నీకు తెల్వది బిడ్డా, ఇంట్ల ఎవరో మాట్లాడుడు ఆపినట్టుంటది. దోమలు మాత్రం ముసిరినయ్, తినెతందుకు పరక లేదు గదా. ఇగ పై అంతస్తులోళ్లందరు కిటికీలకు జాలీలు కొట్టిచ్చుకున్నరు.

మళ్లొచ్చిన ఏడాది తొలకరికి నేనూ సత్తెమ్మ చాపలల్లెతందుకని తుంగ కోయ పోయినం. సత్తెమ్మ ముందుగాల జూసింది, అక్కా ఎర్రపిల్లలు అన్నది. సంబురమాయె. ఒక్క జంటన్న బతికిందని నిలవడి జూస్తున్నం. కిందికెళ్లి ఒకటి నల్లగ వచ్చింది. తల్లి గుద్దింది, పాయె. ఇంకోటి వచ్చింది. దాన్నీ గుద్దింది. మన జెల్ల అయితె ఒక పిల్లను ఎత్తుకొని ఉరుకుతది, తల్లి తరుముతది, అయిపాయె. ఇవ్వి గట్ల కాదు. తల్లి ఇటు ఒకదాని ఎంబడి వడ్డదో లేదో అటుకెళ్లి మందకు మంద వచ్చినయ్. నీళ్లు ఉడుకుతున్నట్టాయె. నేను రాళ్లేసిన. సత్తెమ్మ చీర ఎగజెక్కి దిగి కట్టెతోని కొట్టింది. ఏమైతది. జరసేపటికి నీళ్లు నిలవడ్డయ్, ఎరుపు లేదు. తల్లి ఉన్నది. గాడ్నే గుండ్రంగ తిరుగుతున్నది, పిల్లలున్నట్టే. ఎవ్వరు రాకున్నా నీళ్లను గుద్దుతున్నది. సత్తెమ్మ నీళ్లల్లనే నిలవడి జూస్తున్నది, నేను రమ్మన్నా చానసేపు రాలే.

సీద సాయిలు ఇంటికి పోయిన. చెప్పిన, గిట్లయిందని. వాడు అన్నం తినుకుంటనే అన్నడు, "చేపలు చేపలను తింటయ్ వదినా. అది దేవుడు వెట్టిన రీతి. నువ్వేంది, మనుషులు సచ్చినట్టు జేస్తున్నవ్."

నేనన్న, "దేవుడు పెడ్తె వాగుల వస్తుండె. నువ్వు డ్రమ్ముల తెచ్చినవ్."

ఇగ గప్పటి సంది మాటల్లేవు. వాడు సత్తెమ్మను గూడ నా గడప తొక్కొద్దన్నడు. అది రాలే. దాని మీద గూడ నాకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. దాని కండ్ల ముంగటనే జరిగింది గదా, మొగనికి ఒక్క మాటన్న చెప్పొద్దా అని. నేను ఆదివారం పూట బజార్ల నిలవడి, కొనెటోళ్లకు చెప్పిన, గది తినకుండ్రి, గిట్లాంటి చేప అని. కొందరు ఇన్నరు. కొందరు నీ చేప అమ్ముడుపోక గిట్ల అంటున్నవా అన్నరు. అననీ.

ఎండకాలం కుంటల నీళ్లు గుంజుకపోయి మోకాలు మీది దాకనే ఉండె. ఇదే అదునని మా వాడకట్టు ఆడోళ్లను కూడేసిన, పెద్ద వల తెచ్చిన. మొగోళ్లు రాలే. సాయిలుతోని లొల్లి మాకెందుకు అన్నరు. మేం దిగేటాళ్లకు సాయిలు కట్ట మీదికొచ్చిండు. నేను చెప్పకుంట కుంటల వల వడొద్దు అన్నడు. ఆడోళ్లు ఆగిండ్రు. నేను వల కొస వట్టుకొని ఒక్కదాన్నే నిలవడ్డ, రెండో కొస వట్టెటోళ్లు లేరు. ఇగో అప్పుడు సత్తెమ్మ వచ్చింది బిడ్డా. మొగని పక్కకెళ్లే దిగింది, కొంగు నడుముకు చుట్టుకొని. వల రెండో కొస వట్టింది. వట్టి, మలిగి మొగనితోని అన్నది.

"నువ్వు కట్ట మీదనే ఉండు. గా తల్లిని నేను జూసిన, నువ్వు జూడలే."

గంతే. అరవలే, ఏడ్వలే. అందరు దిగిండ్రు.

గుంజినం, మళ్ల గుంజినం. వలలు చినిగినయ్, బురదల వడ్డం. కట్ట మీదేసినా సావయ్, పాములెక్క పాక్కుంట నీళ్ల దిక్కే పోతయ్. సత్తెమ్మ కత్తిపీట తెప్పిచ్చి ఒకదాని కడుపు కోసింది, సాయిలు ముంగటనే. కోడి ఈకలు, ప్లాస్టిక్ కవరు ముక్క, ఇంత కప్ప. ఇంకోటి కోస్తె దాంట్ల దాని జాతి పిల్లలే. తినెతందుకు ఏం మిగలకపోతె తన జాతినే మింగినయ్. సాయిలు జూసిండు. తలకాయ కిందికేసుకొని ఇంటికి పోయిండు. మేం గుంత తవ్వి సున్నం జల్లి పూడ్చినం.

తప్పైంది వదినా అని ఇయ్యాల్టికి అన్లేదు. ఎదురువడ్తె మొకం అటు మలుపుకుంటడు. మలుపుకోనీ. తప్పు చేసి మొకం వాడు మలుపుకునుడేంది, గదే నాకు సమజ్ కాదు.

అన్నీ సచ్చినయా అంటె సావలే. బురదల ఎన్ని దాసుకున్నయో. మా తల్లిగారి దిక్కు వాగుల పరకలు ఇంకున్నయ్, బిందెలల్ల తెచ్చి ఇడిసినం. కొర్రమట్టలు గూడ తెచ్చినం. ఈ వానలకు ఎర్రపిల్లలు కనవడ్డయ్. గప్పటి సంది పొద్దుగాల్నే నేనూ సత్తెమ్మ కట్టెలు వట్టుకొని గాడికే పోతున్నం. నల్లది మీదికొస్తె కొడ్తం. అటుకెళ్లి వాకింగ్ జేసెటోళ్లు, గీ ఇద్దరు ముసలోళ్లకు పిచ్చివట్టింది అనుకుంటరు కావచ్చు.

నిన్న పోతె ఎరుపు పోయి నలుపు తిరుగుతున్నయ్. గుంపు ఇడిసి ఒక్కొక్కటే దూరం జరుగుతున్నయ్. అంటె బతికినట్టే. ఇగ తల్లి గూడ ఇడిసి పోతది. పోయి మళ్ల పరకలను మింగుతది. మింగనీ, అది దాని తిండి, దాని మీద నాకేం కోపం లేదు...

కింద సత్తెమ్మ పిలుస్తున్నది, ఇన్నవా? లేస్త ఇగ. జర చెయ్యియ్యి. పిల్లాజెల్లలతోని సల్లగుండు బిడ్డా.