సున్నం పోసిన చేను

గుర్వయ్య చనిపోయిన రోజు సాయంత్రం. యాదగిరిగుట్ట కింది ఊళ్లో, జొన్న కోసిన చేనులో అతని భార్య సుక్కమ్మ కూర్చుని ఉంది. గుర్వయ్య తమ్ముడు, బడిపంతులు కాటమయ్య, ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"గిదేంది వదినా, చేన్ల ముగ్గేసినవు?"

"ముగ్గు కాదు, సున్నం. ఆకాశంల పోయే గాలిమోటరు దిగాలె గద. వరంగల్ల మోటర్లు దిగే జాగల గిట్లనే గుండ్రంగ పోస్తరట, పైనుంచి కండ్లకు ఆనుతదని. నా కొడుకు ఐలేశమే చెప్పిండు."

"వాని లగ్గానికి గోడలకని తెచ్చిన సున్నమా?"

"లగ్గం చేసే నాయిన ఇంట్ల సాప మీద ఉన్నడు. ఇంక గోడలెందుకు?"

"జర ఇను వదినా. మైసయ్య గుంత తవ్వి కూసున్నడు. పొద్దు గూకక ముందే—"

"కొడుకు రాకముందు మొదటి మట్టి ఎవలేస్తరు?"

"పొద్దుగాలనే వానికి తపాలాఫీసుల తార్ కొట్టిచ్చిన. పగటి రైలు సుత చూసిన. రాయగిరి టేసన్ల దిగలే. గుత్తెదారు ఇడువలేదేమో. మళ్ల బండి రేపే."

"గందుకే మోటరు. వరంగల్ కాడికెల్లి పట్నం ఎంత దూరమంటివి?"

"ఎప్పుడు?"

"మొన్న. మీ అన్న మంచం మీదికెల్లి అడిగె, నువ్వు చెప్తివి."

"గాలిల పోతే ఎనభై మైళ్లు."

"ఎంతసేపు?"

"అరగంట. జర ఎక్కువ."

"మన ఊరు నడుమల. అంటే? చెప్పు, పంతులువి గద."

"అంటే... పావుగంట."

"గదే మీ అన్న సుత లెక్కగట్టిండు. పావుగంటల ఐలేశం వస్తడని నవ్విండు. ఆ పూట గిన్నెడు గంజి తాగిండు."

"నేను దూరం చెప్పిన వదినా. వస్తడని చెప్పలే."

"రాడని సుత చెప్పలే."

"ఎట్ల చెప్త? గంజి తాగుతాండె."

"ఇను, ఇను. సప్పుడు. గుట్ట ఎన్కకెల్లి."

"అదే. పట్నం పోయేది."

"నీ కండువ తియ్యి. ఊపు!"

"వదినా, అండ్ల దొరలెక్కుతరు. మనోడు ఆ మోటర్ల జాగల రాళ్లు మోసేటోడు. వాన్ని ఎక్కనియ్యరు. గీ చేన్ల అది దిగది."

"ఊపు కాటమయ్యా!"

"ఊపుతున్న."

"ఇంక పైకి. ఆనుతలేదా వాళ్లకు గింత సున్నం?"

"ఆనింది కావచ్చు."

"పోయింది."

"పోయింది వదినా."

"దిగదని నాకు ఎర్కనే."

"ఎర్కనా? మరి పొద్దటిసంది—"

"మోటరు వచ్చేదాంక ఆగుండ్రి అంటే, కొడుకు కోసమని ఎవలూ కాదనలే. గా మనిషి ఇంకొక పొద్దు నా ఇంట్ల ఉండె. సాలు. పా. మొదటి మట్టి నువ్వే ఎయ్యి, తమ్మునివి."

"నేనా?"

"నడువు. పొద్దటిసంది తొందర వెట్టింది నువ్వే గద."

"రేపటి రైలు సుత చూద్దాం."

"ఏందీ?"

"రేపటి బండి. రాయగిరికి నేనే పోత. వాడు దిగుతడు."

"కాటమయ్యా... గా కండువ ఇగ ఆపు. మోటరు ఎప్పుడో పోయింది."

"పంతులూ! ఏమాయె? చీకటైతాంది, గుంత కాడ ఎంతసేపు కూసోవాలె?"

"గుంత రేపటి బండి దాంక అట్లనే ఉండనియ్యి మైసయ్యా. మట్టి ఇంక ఎవ్వరం ఎయ్యలే."